జప్రూడర్ ఫిల్ము డీవీడీ: కన్నాల మధ్య బొమ్మ దొరికింది, ఫ్రేముల లెక్క తప్పింది

ముందు తీర్పు, తర్వాత కారణాలు. ‘ఇమేజ్ ఆఫ్ యాన్ అసాసినేషన్’ పేరుతో ఎంపీఐ హోమ్ వీడియో 1998లో విడుదల చేసిన ఈ డిస్కు చూడటానికి కొనదగ్గదే. 1963లో డాలస్‌లో అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ హత్యను పట్టిన ఆ ఇంటి కెమెరా ఫిల్ము అంతకుముందు మామూలు జనానికి దొరికింది కాపీకి కాపీ తీసి మసకబారిన రూపంలోనే. అంతటి ఫిల్మును ఈ డిస్కు ఒరిజినల్ నుంచి, శుభ్రంగా ఇంటికి తెచ్చిచ్చింది. కానీ ఫ్రేము నంబరు పట్టుకుని కొలతలు తీసేవాళ్లు, సెకన్ల లెక్క కట్టేవాళ్లు దీన్నొక్కదాన్నే నమ్ముకోకూడదు. ఫిల్ము రీస్టోరేషన్, అంటే పాత ఫిల్మును బాగుచేసే పని, నేర్చుకునేవాళ్లకు మాత్రం ఇందులోని మంచీ పాఠమే, తప్పులూ పాఠమే.

ఒక హెచ్చరిక కూడా ముందే. 313వ ఫ్రేములో తూటా తలకు తగిలే క్షణం ఉంది. ఆ ఒక్క ఫ్రేమునూ అచ్చు వేయొద్దని తీసిన మనిషే, ఏబ్రహాం జప్రూడర్, లైఫ్ పత్రికను కోరాడు. 1975 మార్చి 6న ఏబీసీ కార్యక్రమంలో వచ్చేదాకా అమెరికా జాతీయ టీవీలో ఈ ఫిల్ము ఎవరూ చూపలేదు. డిస్కులో ఆ దృశ్యం ఒక్కసారి వచ్చి పోయేది కాదు, మళ్లీ మళ్లీ వస్తుంది. పిల్లలు ఉన్న గదిలో పెట్టకండి.

డిస్కు నిడివి సుమారు 45 నిమిషాలు. ఫిల్ము చరిత్ర, దాన్ని ఫొటోలు తీసిన పద్ధతి, ఆ తర్వాత ఫిల్మే రకరకాల రూపాల్లో: స్ప్రాకెట్ కన్నాలతో (ఫిల్మును లాగడానికి అంచున ఉండే కన్నాలు) సహా పూర్తి వెడల్పులో, కారుకు దగ్గరగా, మామూలు వేగంలో, నెమ్మదిగా. చరిత్ర భాగం ఒకసారి చూస్తే చాలు. డబ్బు విలువంతా చివర వచ్చే ఫిల్ములోనే ఉంది.

ఆ విలువ తెలియాలంటే ఒరిజినల్ ఎలాంటిదో తెలియాలి. కెమెరా బెల్ అండ్ హోవెల్ 414 పీడీ. లెన్సు 9 నుంచి 27 మిల్లీమీటర్ల జూమ్, దాన్ని పూర్తిగా ముందుకు లాగి తీశాడు. రీలు కొడాక్రోమ్ 2, డబుల్ 8 రకం. అంటే 16 మి.మీ. వెడల్పు, 25 అడుగుల పొడవున్న రీలు. ముందు ఒక అంచు వెంట తీసి, రీలు తిప్పి పెట్టి రెండో అంచు వెంట తీస్తారు. కడిగాక ల్యాబులో నిలువునా చీల్చి అతికితే 8 మి.మీ. ఫిల్ము 50 అడుగులు వస్తుంది. అడుగుకు 80 ఫ్రేములు. హత్య దృశ్యం మొత్తం 486 ఫ్రేములు, అంటే ఆరడుగుల పైన కొద్దిగా. ఒక్కో బొమ్మ 4.8 మి.మీ. వెడల్పు, 3.5 మి.మీ. ఎత్తు, కందిబద్దంత. ఇరవయ్యో శతాబ్దంలో అన్నిటికంటే ఎక్కువ వాదనలు నడిచిన సాక్ష్యం ఆ కందిబద్దల వరుసలోనే ఉంది.

మొదటి 132 ఫ్రేముల్లో ముందు వచ్చే మోటారు సైకిళ్లే. అక్కడ కెమెరా ఆపి, 133 నుంచి మళ్లీ నొక్కాడు. అప్పటికే కారు ఎల్మ్ వీధిలోకి తిరిగి ఉంది. ఎఫ్‌బీఐ ఆ కెమెరాను పరీక్షించి సగటు వేగం సెకనుకు 18.3 ఫ్రేములని తేల్చింది. 486ను 18.3తో భాగిస్తే 26.6 సెకన్లు. ఒక ఫ్రేముకూ తర్వాతి ఫ్రేముకూ మధ్య సెకనులో 18వ వంతు. ఎవరు ఎప్పుడు కాల్చారన్న లెక్కలన్నిటికీ ఈ ఫిల్మే గడియారం. కాబట్టి ఒక్క ఫ్రేము తప్పిపోతే బొమ్మతో పాటు కాలమూ పోతుంది.

ఇక పని ఎలా జరిగిందంటే, 1997లో అమెరికా నేషనల్ ఆర్కైవ్స్‌లో ఒరిజినల్‌ను ప్రొజెక్టర్‌లోకి ఎక్కించకుండా, ఒక్కో ఫ్రేమును విడిగా 4×5 అంగుళాల, వెలుతురులో పెట్టి చూసే కలర్ ట్రాన్స్‌పరెన్సీ మీద పెద్దది చేసి ఫొటో తీశారు. ఆ షీట్లను స్కాన్ చేసి, కంప్యూటర్‌లో ఒకదాని వెనక ఒకటి పేర్చి కదిలే బొమ్మ చేశారు. ఆ కాలానికి ఇది సరైన నిర్ణయమే. సాక్ష్యాన్ని మెషీన్ పళ్ల మీద పరిగెత్తించకుండా ఒక్కోసారి ఒక్కో ఫ్రేము జరిపారు, పైగా చేతిలో నిలిచే పెద్ద ఫొటోలు మిగిలాయి. లోటు ఏమిటంటే మధ్యలో ఒక తరం ఎక్కువైంది. ఇంకో లెన్సు, ఇంకో ఫిల్ము గింజ (బొమ్మలో కనపడే సన్న రేణువులు), ఇంకో రంగుల స్వభావం వచ్చి చేరాయి. ఇంకో లోటు, విడివిడి షీట్లను మనిషి పేర్చినప్పుడు వరుస తప్పే అవకాశం ఎప్పుడూ ఉంటుంది.

డిస్కు చేసిన అసలు మేలు కన్నాల మధ్య బొమ్మ. 8 మి.మీ. కెమెరాల్లో బొమ్మ ఎడమవైపు స్ప్రాకెట్ కన్నాల మధ్య ఖాళీలోకి కూడా పడుతుంది. ప్రొజెక్టర్ గేటు (వెలుతురు ముందు ఫిల్ము నిలిచే కిటికీ) ఆ భాగాన్ని మూసేస్తుంది కాబట్టి ఇంట్లో తెర మీద ఎప్పుడూ కనపడదు. హత్య జరిగిన రోజే డాలస్‌లో జేమీసన్ ల్యాబులో తీయించిన 3 కాపీల్లోనూ అది లేదు. ఒరిజినల్‌కు కొడాక్ వేసిన నంబరు 0183, కాపీలవి 0185, 0186, 0187. కాపీల నుంచి పుట్టిన పిల్ల కాపీలన్నిటిలోనూ ఆ ఎడమ అంచు ఉండదు. అక్కడ ఏముందంటే కారు వెనక వచ్చే మోటారు సైకిల్ పోలీసులు, వెనక కారులోని సీక్రెట్ సర్వీస్ మనుషులు, ఎల్మ్ వీధి పక్కన నిలబడ్డ జనం. వెనకవాళ్లు ఎప్పుడు తల తిప్పారో చూడాలంటే ఆ అంచే ఆధారం.

కానీ ఆ అంచును చదవడం తెలియాలి. 414లో ఫిల్మును లాగే పంజా కోసం గేటు పక్కన కోసిన సందులోంచి కూడా వెలుతురు పడుతుంది. అందువల్ల ఆ ఖాళీలో ఒక ఫ్రేము బొమ్మ మీద పక్క ఫ్రేము బొమ్మ కొంత కలిసిపోయి, దెయ్యం నీడలా రెండు బొమ్మలు కనపడతాయి. కొడాక్ విశ్రాంత ఇంజినీరు రోలండ్ జవాడా 1998లో ఇచ్చిన నివేదిక ఈ కెమెరా ఎలా పనిచేస్తుందో వివరించింది. అది తెలియక, ఒక మోటారు సైకిల్ చక్రం గాల్లో తేలుతున్నట్టు కనపడగానే ఫిల్మును మార్చేశారని తీర్మానించేవాళ్లున్నారు. రీస్టోర్ చేసేవాళ్లు కూడా ఆ నీడలను మరకలనుకుని తుడిచేయకూడదు. అవి కెమెరా సంతకం.

ఇప్పుడు తప్పులు. ఒరిజినల్‌లోనే రెండు చోట్ల కోత ఉంది. ఒకటి 155 దగ్గర. రెండోది 207, 212 మధ్య: లైఫ్ పత్రిక చేతిలో ఉండగా ల్యాబులో ఫిల్ము తెగి 208 నుంచి 211 దాకా 4 ఫ్రేములు పోయాయి, అటూ ఇటూ ఉన్నవి చీలాయి. అది ఎలాంటి చోటో గమనించండి. సరిగ్గా అక్కడే కెన్నెడీ రోడ్డు పక్క స్టెమన్స్ ఫ్రీవే బోర్డు వెనక మాయమవుతాడు, 225 దగ్గర మళ్లీ బయటికి వస్తాడు. మొదటి తూటా ఎప్పుడు తగిలిందన్న వాదనంతా ఆ కిటికీలోనే. ఈ నష్టానికి డిస్కు చేసినవాళ్లది బాధ్యత కాదు. కానీ పోయిన ఫ్రేములు మొదటి తరం కాపీల్లో ఉన్నాయి. అక్కడి నుంచి తెచ్చి అతికి, మూలన చిన్న గుర్తు పెట్టి ఉంటే గడియారం ఆగకుండా నడిచేది. అలా చేయలేదు.

డిస్కు తయారీలో చేరిన తప్పులు వేరే. 341, 350, చివరిదైన 486 డిస్కులో లేవు. 331, 332 వరుస తారుమారైంది. మామూలు వేగంలో చూస్తే ఎవరికీ తెలియదు. ఒక్కో ఫ్రేము జరిపితే 332 దగ్గర కారు ఒక అడుగు ముందుకు పోయి, వెనక్కి వచ్చి, మళ్లీ ముందుకు పోతుంది. తల కదలికను ఫ్రేము ఫ్రేముకూ కొలిచేవాడు ఈ డిస్కును నమ్మితే అక్కడ లేని కుదుపును కనిపెడతాడు. ఇలాంటి తారుమారు ఇదే మొదటిది కాదు. హత్య మీద విచారణ జరిపిన వారెన్ కమిషన్ 1964లో అచ్చేసిన ఫ్రేముల్లో 314, 315 అటూ ఇటూ పడ్డాయి, అది అచ్చు పొరపాటని తర్వాత ఎఫ్‌బీఐ అధిపతి హూవర్ ఒప్పుకున్నాడు. ముప్పై ఏళ్ల తర్వాత అదే గుంతలో మళ్లీ పడటం బాధ కలిగించే విషయం.

మీ దగ్గర డిస్కు ఉంటే ఇలా పరీక్షించండి. కంప్యూటర్‌లో వీఎల్‌సీ ప్లేయర్‌లో పెట్టండి. 331 దగ్గర పాజ్ చేసి ‘ఇ’ కీ నొక్కుతూ పోతే ఒక్కో వీడియో ఫ్రేము జరుగుతుంది. ఇక్కడే తికమక మొదలవుతుంది: వీడియో ఫ్రేమూ ఫిల్ము ఫ్రేమూ ఒకటి కాదు. అమెరికా డీవీడీ ఎన్‌టీఎస్‌సీ పద్ధతిది, సెకనుకు 59.94 ఫీల్డులు. ఫీల్డు అంటే ఒక వీడియో ఫ్రేములో సగం గీతలు. 18.3 ఫ్రేములను అందులో ఇరికించాలంటే ఒక్కో ఫిల్ము ఫ్రేముకు సగటున 3.28 ఫీల్డులు రావాలి. 3, 3, 3, 4 వరుసలో పంచితే వేగం 18.4 అవుతుంది, దాదాపు సరిపోతుంది. కానీ ఏ వరుసలో పంచినా కొన్ని వీడియో ఫ్రేముల్లో సగం గీతలు ఒక ఫిల్ము ఫ్రేమువి, సగం తర్వాతిదానివి పడి, దువ్వెన పళ్లలా అంచులు చీలిపోతాయి. పాజ్ చేసినప్పుడు అలాంటిది వస్తే అది ఫిల్ములో ఉన్న మసక కాదు. ప్లేయర్‌లో డీఇంటర్లేస్ (ఇలా చీలిన గీతలను సరిచేసే సౌకర్యం) పెట్టి, ఒక అడుగు ముందుకో వెనక్కో జరిగి, గీతలు కలిసిన బొమ్మ దగ్గరే చూడండి.

ఆకారం కూడా సరిచూసుకోవాలి. ఎన్‌టీఎస్‌సీ పిక్సెళ్లు చతురస్రాలు కావు. 720×480 బొమ్మను 640×480కి కుదించి చూడాలి. స్క్రీన్‌షాట్ తీసి అలాగే కొలిస్తే అడ్డం 12.5 శాతం ఎక్కువ వస్తుంది, మనుషులు లావుగా కనపడతారు. దీనికి స్కేలు ఫిల్ములోనే ఉంది. స్ప్రాకెట్ కన్నం అడ్డం 1.83 మి.మీ., నిలువు 1.27 మి.మీ. తెర మీద కన్నాన్ని కొలిచి అడ్డాన్ని నిలువుతో భాగిస్తే 1.44 రావాలి. రాకపోతే, వచ్చేదాకా అడ్డం సరిచేసి, ఆ తర్వాతే మిగతా కొలతలు మొదలుపెట్టండి. పూర్తి వెడల్పు రూపం డిస్కులో ఉండటం వల్ల దొరికిన వరం ఇది. కన్నాలు కోసేసిన కాపీలో ఈ ఆధారం ఉండదు.

రంగుల విషయంలో డిస్కు బాగుంది, అక్కడక్కడ కాంట్రాస్టు ఎక్కువైంది. కారు లోపలి నీడల్లో వివరం త్వరగా నల్లబడుతుంది. కొడాక్రోమ్ చాలా చిక్కటి ఫిల్ము. చీకట్లో భద్రపరిస్తే దాని రంగులు దశాబ్దాలు నిలుస్తాయి కానీ నీడల్లోని వివరాన్ని లాగడానికి స్కానర్ చెమటోడ్చాలి. రంగులు సరిచూసుకోవడానికి ఆధారం కావాలంటే దొరకడం కష్టం. కెన్నెడీ భార్య జాక్వెలిన్ ఆ రోజు వేసుకున్న గులాబీ రంగు సూటు నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నా 2103 దాకా బయటపెట్టరు. కెన్నెడీ ఎక్కిన ఆ లింకన్ కారు మిషిగన్ డియర్‌బోర్న్‌లోని హెన్రీ ఫోర్డ్ మ్యూజియంలో ఉంది. కానీ హత్య తర్వాత దాన్ని తిరిగి కట్టి, ముదురు నీలం పోయి నల్ల రంగు వేశారు. కాబట్టి ఇప్పటి కారును చూసి ఫిల్ములోని నీలాన్ని నలుపు వైపు తోస్తే తప్పు.

ఇదే పని ఇవాళ మొదటి నుంచి చేయాలంటే ఎలా చేయాలి? ఇది కెన్నెడీ ఫిల్ముకే కాదు, అమ్మమ్మ ఇంటి అటక మీద దొరికిన 8 మి.మీ. పెళ్లి రీలుకూ వర్తిస్తుంది కాబట్టి కొంచెం వివరంగానే చెబుతాం.

మొదట ఫిల్ము ఎంత కుంచించుకుపోయిందో చూడాలి. స్టాండర్డ్ 8లో కన్నం నుంచి కన్నానికి 3.81 మి.మీ. 100 కన్నాల దూరం 381 మి.మీ. రావాలి. 377 వస్తే ఒక శాతం పైన కుంచించుకుపోయినట్టు. అలాంటిదాన్ని పళ్ల చక్రాలున్న మెషీన్‌లో ఎక్కిస్తే కన్నాలు చిరుగుతాయి. రోలర్ల మీద జారుతూ, కెమెరాతో కన్నాన్ని గుర్తుపట్టి ఫొటో తీసే స్కానరే వాడాలి. డబ్బా తెరవగానే వెనిగర్ వాసన కొడితే ఫిల్ము పట్టీ తయారైన అసిటేట్ ప్లాస్టిక్ కుళ్లడం మొదలైంది. దాన్ని మిగతా రీళ్లకు దూరంగా పెట్టి ముందు దాన్నే స్కాన్ చేయండి. పాత అతుకులను అందం కోసం విప్పకండి. అతుకు కూడా సాక్ష్యమే.

శుభ్రం చేయడానికి నీళ్లు వద్దు, ఎమల్షన్ (బొమ్మ ఉండే పొర) ఉబ్బుతుంది. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పీచు రాలని గుడ్డ, చాలా తేలికైన ఒత్తిడి. ముందు చివరి తెల్ల లీడర్ (బొమ్మ లేని పట్టీ) మీద పరీక్షించాలి. గీతలుంటే అవి ఏ వైపువో రంగే చెబుతుంది. కొడాక్రోమ్‌లో పైన పసుపు పొర, దాని కింద మెజెంటా, అడుగున సయాన్. పైపొర మాత్రమే గీసుకుపోతే గీత నీలంగా కనపడుతుంది, రెండు పొరలు పోతే సయాన్, మూడూ పోతే తెల్లగా. నల్లటి సన్న గీత అయితే ఎక్కువగా బేస్ (వెనక ఉండే ప్లాస్టిక్) వైపుది. దానికి ఫిల్మును ద్రవంలో తడిపి స్కాన్ చేసే వెట్ గేట్ మందు. ఫిల్ము బేస్‌కు దగ్గరి వక్రీభవన గుణకం ఉన్న ద్రవం గీతను నింపేస్తుంది, వెలుతురు చెదరదు. రంగు పొర లేచిపోయిన చోట మాత్రం ఏ ద్రవమూ రంగును తిరిగి తేలేదు. ఇన్‌ఫ్రారెడ్‌తో దుమ్ము కనిపెట్టే సౌకర్యాన్ని కొడాక్రోమ్ మీద నమ్మకండి. దాని రంగు పొరే ఇన్‌ఫ్రారెడ్‌ను కొంత అడ్డుకోవడంతో, చీకటి భాగాన్ని దుమ్మనుకుని చెరిపేస్తుంది.

స్కాన్ ఎంత పెద్దది కావాలన్నది తరచూ వచ్చే ప్రశ్న. మిల్లీమీటరుకు 100 జతల గీతలు విడిగా కనపడతాయనుకున్నా 4.8 మి.మీ.లో 480 జతలు, అంటే 960 పిక్సెళ్లు. ఇంటి కెమెరా లెన్సుతో, చేతిలో ఊగుతూ తీసినది అంత కూడా ఇవ్వదు. బొమ్మ వరకూ 2కే (అడ్డం సుమారు 2,000 పిక్సెళ్లు) చాలు. 4కే (సుమారు 4,000) అడగడానికి కారణం వేరు: గింజ సరిగ్గా పట్టుబడాలి, కన్నాలతో సహా 8 మి.మీ. వెడల్పంతా రావాలి. 4096×3112 సైజులో రంగుకు 16 బిట్లతో ఒక్క ఫ్రేము 76 మెగాబైట్లు, 486 ఫ్రేములకు 37 గిగాబైట్లు. ఒక మామూలు పెన్‌డ్రైవ్‌లో పడుతుంది. చోటు లేదని కుదించడానికి సాకు లేదు. నీడల కోసం ఒకే ఫ్రేమును రెండు మూడు వెలుతురు స్థాయుల్లో తీసి కలపాలి.

ఆ తర్వాత బొమ్మను నిలబెట్టడం. ఇక్కడే ఎక్కువమంది చెడగొడతారు. ఊగుడు రెండు రకాలు. ఫిల్ము గేటులో కదలడం వల్ల వచ్చేది ఒకటి, చేతిలో కెమెరా కదలడం వల్ల వచ్చేది ఇంకొకటి. మొదటిదాన్ని స్ప్రాకెట్ కన్నాన్ని ఆధారంగా పట్టుకుని తీసేయొచ్చు. రెండోదాన్ని, భద్రపరిచే అసలు రూపమైన మాస్టర్‌లో ముట్టుకోకూడదు. నోబెల్ పొందిన భౌతిక శాస్త్రవేత్త లూయీ అల్వారెజ్ 1976లో ఈ ఫిల్ములోని చేతి ఉలికిపాట్లనే కొలిచి, తుపాకీ శబ్దానికి జప్రూడర్ చేతులు అదిరిన చోట్లు ఏవో వెతికాడు. 313 దాటాక నాలుగైదు ఫ్రేముల్లో బొమ్మ బాగా చెదిరి ఉంటుంది. కారును మధ్యలో బిగించి నున్నగా చేసిన వీడియోలు ఇంటర్నెట్‌లో బోలెడు. చూడటానికి హాయిగా ఉంటాయి, కానీ వాటిలో ఆ అదురు చెరిగిపోయింది. నిలబెట్టిన రూపం కావాలంటే విడిగా చేసి, ఏ ఫ్రేమును ఎన్ని పిక్సెళ్లు జరిపారో పట్టికగా దాని పక్కనే ఉంచండి.

మసక గురించి కూడా ఒక మాట. 312 నుంచి 313కి తల రెండంగుళాలకు పైగా ముందుకు కదిలిందని 1967లో ఒక కొలత వచ్చింది. 313లో బొమ్మ అడ్డంగా చెదిరి ఉండటం వల్ల అంచు జరిగినట్టు కనపడిందే తప్ప అంత కదలిక లేదని తర్వాత వాదన వచ్చింది. రెండు పక్కల ఎవరిది సరైనదైనా, పదును పెంచే ఫిల్టర్ వేసిన బొమ్మ మీద ఈ వాదన తేలదు. పదును ఫిల్టర్ అంచు చుట్టూ తెల్ల గీత, నల్ల గీత తానే గీస్తుంది. కొలిచేవాడు ఆ గీతను కొలుస్తాడు.

ఇక దుమ్ము తుడిచే సాఫ్ట్‌వేర్. అది పనిచేసే సూత్రం సులువు: ముందు ఫ్రేములో లేదు, తర్వాతి ఫ్రేములో లేదు, ఈ ఒక్కదాంట్లోనే ఉంది, కాబట్టి దుమ్ము. పెళ్లి రీలులో ఈ సూత్రం తొంభై తొమ్మిది సార్లు సరైనదే. కానీ 313లో గాలిలోకి లేచిన ముక్కలు, చిమ్మిన మంచు లాంటి తుంపర సరిగ్గా అలాంటివే. ఒకటి రెండు ఫ్రేములకు మించి ఉండవు. ఆటోమేటిక్‌గా వదిలేస్తే హత్యకు సాక్ష్యాన్నే దుమ్మని ఊడ్చేస్తుంది. కాబట్టి 305 నుంచి 340 దాకా చేత్తోనే, ఒక్కో మచ్చ చూసుకుంటూ చేయాలి. అనుమానం వస్తే వదిలేయాలి. మచ్చ మిగిలితే నష్టం లేదు.

ఏఐతో పెద్దవి చేసిన, సెకనుకు 60 ఫ్రేములకు పెంచిన రూపాల మీద మా అభిప్రాయం గట్టిది: సాక్ష్యం విషయంలో వాటిని ముట్టుకోవద్దు. 312కూ 313కూ మధ్య కెమెరా ఏమీ చూడలేదు. ఆ మధ్యలో కంప్యూటర్ పెట్టే రెండు ఫ్రేములు ఊహ. పదిహేను పిక్సెళ్ల ముఖానికి అది కళ్లూ పళ్లూ తగిలిస్తుంది. అవి ఎవరి కళ్లూ కావు. చనిపోయిన మనిషి చివరి క్షణాల్లో ఆయనవి కాని కవళికలు పెట్టడం చేయకూడని పని.

చివరగా భద్రపరచడం. స్కానర్ నుంచి వచ్చిన ఫైళ్లను మార్చకుండా అలాగే ఉంచి, ఒక్కో ఫ్రేము ఫైలుకు షా-256 గుర్తు (ఫైలు ఏమాత్రం మారినా మారిపోయే అంకెల గుర్తు) తీసి పెట్టండి. ఫైలు పేరులోనే ఫ్రేము నంబరు ఉండాలి. 331, 332 తారుమారు ఎందుకు జరిగిందో చెప్పలేం గానీ, పేరులో నంబరు ఉండి, చివర మెషీన్‌తో వరుస సరిచూస్తే అలాంటిది గడప దాటదు. పోయిన ఫ్రేము ఉంటే నంబరు అలాగే ఉంచి నల్ల ఫ్రేము పెట్టండి. కాపీ నుంచి తెస్తే ఎడమ అంచును నల్లగానే వదలండి, అక్కడి బొమ్మను పక్క ఫ్రేము నుంచి అరువు తేకండి.

ఒరిజినల్ నుంచి పనిచేసే అదృష్టం అన్ని ఫిల్ములకూ లేదు. వీధికి అవతలి వైపు నుంచి అదే ఘటన తీసిన ఆర్విల్ నిక్స్ ఒరిజినల్ 1978 నుంచి జాడ లేదు. దాన్ని బాగుచేయాలన్నవాళ్లు కాపీలతోనే సరిపెట్టుకోవాలి. జప్రూడర్ ఒరిజినల్ మాత్రం ప్రభుత్వ అధీనంలో శీతల గదిలో ఉంది. 1999లో మధ్యవర్తులు దానికి కట్టిన ధర 1.6 కోట్ల డాలర్లు. అదే ఏడాది డిసెంబరులో కుటుంబం కాపీరైటును డాలస్‌లోని సిక్స్త్ ఫ్లోర్ మ్యూజియంకు ఇచ్చేసింది. ఫ్రేములను అచ్చు వేయాలన్నా, వీడియోలో వాడాలన్నా అడగాల్సింది అక్కడే. డాలస్ దగ్గరి ఫ్రిస్కోలోనో ఇర్వింగ్‌లోనో పిల్లల దగ్గరికి వెళ్లే మన పెద్దవాళ్లు ఎలాగూ డౌన్‌టౌన్ చూడటానికి పోతారు. అప్పుడు జప్రూడర్ నిలబడ్డ దిమ్మె దగ్గర ఆగి, ఎల్మ్ వీధి వైపు చూడండి. దూరం ఎంత తక్కువో, 27 మి.మీ. లెన్సులో ఆ కారు అంత పెద్దగా ఎందుకు పడిందో వెంటనే తెలుస్తుంది.

కొనేవాళ్లకు: పాత డిస్కులే దొరుకుతాయి. వీహెచ్‌ఎస్ టేపు రూపం కూడా ఉంది, దాన్ని తీసుకోకండి. పాజ్ చేస్తే బొమ్మ నిలవదు, కన్నాల అంచులు కరిగిపోతాయి. డిస్కు చేతికి రాగానే వెలుతురులో తిప్పి అడుగు వైపు గీతలు చూసుకోండి. గుండ్రంగా తిరిగే గీత ప్రమాదం, మధ్య నుంచి అంచుకు పోయే గీతను ప్లేయర్ చాలావరకు దాటేస్తుంది. తర్వాత పూర్తి వెడల్పు రూపం పెట్టి 331 దగ్గర ఆపండి. కారు వెనక్కి జరిగితే మీ చేతికి వచ్చింది ఇదే డిస్కు. పక్కన కాగితం మీద 341, 350, 486 అని రాసుకుని అప్పుడు చూడటం మొదలుపెట్టండి.